క్రోషే నేర్పేటప్పుడు చేతికంటే ముందు కంటికి నేర్పండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. చెన్నై వేళచ్చేరిలో మీ అపార్ట్‌మెంటు ఆడవాళ్ళు ఎనిమిదిమంది, ఇద్దరు పిల్లలు ఆదివారాలు క్రోషే (కొక్కెం సూదితో దారం అల్లే పని) నేర్పమన్నారు. మీకు పని బాగా వచ్చు. కానీ రెండో వారానికే అందరి ముక్కలూ పైకి వెళ్ళేకొద్దీ సన్నబడి ముక్కోణాలైపోతున్నాయి, సగంమంది మానేసేలా ఉన్నారు. దానికితోడు రైల్లో కుడుతుంటే పక్కవాళ్ళు వేసే ప్రశ్నలు, రాత్రి కళ్ళు మూస్తే గొలుసులే కనిపించడం, సినిమా చూస్తూ కుట్టొచ్చా అన్న సందేహం, ఆఖర్న ఫీజు సంగతి. అన్నీ చెప్తాను కానీ ముక్కోణాల దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. అది సరిచేస్తే మానేసేవాళ్ళు కూడా ఆగుతారు.

ముక్క సన్నబడుతోందంటే చెయ్యి తిరగలేదని కాదు. తను కుట్టినదాంట్లో ఒక కుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఆమెకు కనిపించడం లేదు. కనిపించనప్పుడు ప్రతి వరస చివరా మీవైపు చూస్తుంది, "ఇక్కడ గుచ్చాలా అండీ?" అని అడుగుతుంది. ఇంటికి వెళ్ళాక అడగడానికి ఎవరూ ఉండరు కాబట్టి సంచి తెరవదు. వచ్చే ఆదివారం ఖాళీ చేతులతో రావడానికి మొహమాటపడి అసలు రావడమే మానేస్తుంది. అందుకని వేగం, నీటు, పూల నమూనాలు అన్నీ పక్కనపెట్టి, మొదటి రెండు తరగతులూ ఒక్క పనికే కేటాయించండి: కుట్టిన ముక్కను చదవడం.

దానికి మీరు ముందే చెయ్యాల్సిన పని ఒకటుంది. మామూలుగా అందరూ మొదటిరోజు గొలుసు కుట్టించి, ఆ గొలుసులోకే మొదటి వరస కుట్టమంటారు. క్రోషేలో కొత్తవాళ్ళకు అన్నిటికంటే కష్టమైనది ఆ మొదటి వరసే. గొలుసు మెలితిరుగుతుంది, రంధ్రం కనిపించదు, పట్టుకోవడానికి గుడ్డంటూ ఏమీ ఉండదు. కష్టమైన పనిని మొదటి గంటలో పెట్టడం మన పద్ధతిలో ఉన్న లోపం. దానికి బదులు ఒక్కొక్కరికీ మీరే 16 చైన్లు (గొలుసు కుట్లు) వేసి, సూది నుంచి రెండో చైన్లో మొదలుపెట్టి 15 సింగిల్ కుట్లు (సాదా పొట్టి కుట్లు), అలాంటివి మూడు వరసలు కుట్టి పెట్టండి. ఆఖరి లూపును ఒక పిన్నీసులో ఉంచండి. ముక్కకు పావుగంట కూడా పట్టదు. తరగతిలో ఆ లూపులో సూది పెట్టి వాళ్ళ చేతికివ్వండి, నాలుగో వరస వాళ్ళు మొదలుపెడతారు. చేతిలో అరచెయ్యి వెడల్పు గుడ్డ ఉంటుంది, పట్టు దొరుకుతుంది, కుట్టు కంటికి ఆనుతుంది. గొలుసూ, మొదటి వరసా రెండో తరగతిలో నేర్పండి. అప్పటికి చెయ్యి అలవాటుపడి ఉంటుంది కాబట్టి ఇరవై నిమిషాల్లో వచ్చేస్తుంది.

ఇక చదవడం. ముక్కను పైనుంచి చూస్తే అంచు పొడుగునా పడుకోబెట్టిన ఆంగ్ల "వీ" అక్షరాల్లా కనిపిస్తాయి. ఒక్కో "వీ" ఒక్కో కుట్టు. మొదటి పదిహేను నిమిషాలూ సూది ముట్టుకోనివ్వకుండా వాటినే లెక్కపెట్టించండి. పదిహేను రావాలి. చాలామందికి పద్నాలుగు వస్తాయి. ఎందుకంటే అంచున ఉన్న ఆఖరి "వీ" పక్కకు ఒరిగి, ముడిలా ముడుచుకుని ఉంటుంది, కుట్టులా కనిపించదు. ముక్కోణం పుట్టేది అక్కడే. వరసకు ఒక కుట్టు తగ్గితే ఏడు వరసల్లో 15 కాస్తా 8 అవుతుంది. మందు చాలా చిన్నది: ప్రతి వరసలో మొదటి కుట్టు తలలో ఒక పిన్నీసు, ఆఖరి కుట్టు తలలో ఒక పిన్నీసు. తిరిగి వచ్చేటప్పుడు పిన్నీసు ఉన్నచోట తప్పనిసరిగా కుట్టాలి, కుట్టాక పిన్నీసు కొత్త కుట్టులోకి మార్చాలి. నాలుగు వారాలు ఇది కచ్చితంగా పాటించమనండి. బాగా వచ్చినవాళ్ళు విసుక్కున్నా సరే.

మలుపు దగ్గర రెండో చిక్కు ఉంది. సింగిల్ కుట్టుకు వరస చివర ముక్క తిప్పి ఒక చైన్ వేస్తాం. ఆ చైన్ లెక్కలోకి రాదు, దాని మొదట్లోనే ఉన్న "వీ"లో కొత్త వరస మొదటి కుట్టు పడాలి. పొడుగ్గా ఉండే డబుల్ కుట్టుకు మూడు చైన్లు వేస్తాం, అవి ఒక కుట్టుగా లెక్క. కాబట్టి మొదటి "వీ" వదిలి రెండోదాంట్లో కుట్టాలి, వరస చివర కిందటి వరస మూడు చైన్ల పైకొసలో ఒక కుట్టు వెయ్యాలి. మొదటి "వీ"లో కూడా కుడితే వరసకు ఒకటి పెరుగుతుంది, చైన్ల పైకొస మర్చిపోతే ఒకటి తగ్గుతుంది. రెండూ ఒకే వరసలో జరిగితే లెక్క సరిపోతుంది గానీ అంచులు వంకరటింకరగా వస్తాయి. "లెక్క సరిగ్గానే ఉందండీ, కానీ వంకరగా ఉంది" అన్నవాళ్ళకు జరిగేది ఇదే. తరగతి మొత్తానికి మొదటి నెల సింగిల్ ఒక్కటే పెట్టుకోండి. రెండు నియమాలు ఒకేసారి చెప్తే రెండూ కలిసిపోతాయి.

మొదటిరోజే నేర్పాల్సిన ఇంకో సంగతి విప్పడం. చాలామంది టీచర్లు దీన్ని తప్పు జరిగినప్పుడు మాత్రమే చూపిస్తారు, అందుకే అది శిక్షలా అనిపిస్తుంది. ఏ తప్పూ లేని ముక్కనే విప్పించండి. సూది తీసేసి, దారం లాగి రెండు వరసలు విప్పమనండి. తర్వాత నిలబడి ఉన్న లూపులోకి సూది వెనక్కి పెట్టించండి. లూపుకు రెండు కాళ్ళుంటాయి. ఉండవైపు వెళ్ళే దారం సూదికి వెనకవైపు ఉండాలి, లేకపోతే లూపు మెలిపడి తర్వాతి కుట్టు బిగుసుకుంటుంది. ఇది ఐదుసార్లు చేయించాక చూడండి, భుజాలు దిగుతాయి. తప్పు చేస్తే మొత్తం పాడవుతుందన్న భయం పోతుంది. లాగితే పూర్తిగా విడిపోయి, మళ్ళీ అదే దారంతో కుట్టుకోగలిగిన చేతిపని ఇది. ఆ వెసులుబాటు వాళ్ళకు మొదటి గంటలోనే తెలియాలి.

రెండో తరగతికి మీరు ఇంకో మూడు ముక్కలు కుట్టి తీసుకెళ్ళండి, కావాలని తప్పులతో. ఒకదాంట్లో ఐదో వరస నుంచి ఒక్కో కుట్టు తగ్గించండి. ఇంకోదాంట్లో ఒక వరస పొడుగునా "వీ"లో ముందు కాలు మాత్రమే పట్టి కుట్టండి. వెనకవైపు ఆ వరస దగ్గర గీతలా ఒక గట్టు తేలుతుంది. మూడోదాంట్లో ఒక వరస బాగా బిగించి కుట్టండి, నడుం నొక్కినట్టు ముక్క అక్కడ లోపలికి పోతుంది. ముక్కలు చేతుల మీదుగా తిప్పి, తప్పు ఏ వరసలో ఉందో, ఎందుకొచ్చిందో వాళ్ళచేతే చెప్పించండి. ఇద్దరేసి కూర్చుని వాదించుకోనివ్వండి. మీరు మాట్లాడకండి. ఇతరుల ముక్కలో తప్పు పట్టగలిగిన కన్ను తన ముక్కలోనూ పడుతుంది, తన ముక్క మీద ఉండే బెంగ ఇక్కడ ఉండదు కాబట్టి కాస్త తొందరగా పడుతుంది.

చేతి కదలికలకు మాటలు పెట్టండి. మీ గుంపులో తెలుగు, తమిళం, హిందీ అన్నీ ఉంటాయన్నారు కదా, మాట ఏ భాషదైనా ఫర్వాలేదు, తరగతి మొత్తం ఒకటే వాడాలి. సింగిల్ కుట్టు: గుచ్చు, చుట్టు, లాగు, మళ్ళీ చుట్టు, రెండిట్లోంచీ లాగు. డబుల్: చుట్టు, గుచ్చు, చుట్టు, లాగు, ఇప్పుడు సూది మీద మూడు లూపులు, చుట్టు, రెండు, చుట్టు, రెండు. పైకి అంటూ కుట్టమనండి. మొదటి చుట్టు మర్చిపోయినవాళ్ళకు సూది మీద రెండు లూపులే ఉంటాయి. డబుల్ మధ్యలో పొట్టిగా కనిపించే కుట్లన్నీ అవే. ఇంకోటి, దారం సూది మీదుగా ముందుకు రావాలి. కొందరు తెలియకుండానే సూదితో దారాన్ని కిందనుంచి ఏరుతారు. కుట్టు పడుతుంది గానీ బిగువుగా, కాస్త చిన్నగా వస్తుంది. ఒకే ముక్కలో రెండు రకాలూ కలిస్తే పొడుగు తేడా వచ్చేస్తుంది.

యూట్యూబ్ చూసి వచ్చేవాళ్ళ గందరగోళం సగం పేర్ల వల్లే. అమెరికా వాళ్ళ సింగిల్ బ్రిటన్ వాళ్ళ డబుల్, అమెరికా డబుల్ బ్రిటన్ ట్రెబుల్. పైన రాసినవన్నీ అమెరికా పేర్లు. నమూనాలో "సింగిల్" అన్న మాట ఎక్కడైనా కనిపిస్తే అది అమెరికా పద్ధతే, ఇప్పటి బ్రిటన్ పద్ధతిలో ఆ పేరుతో కుట్టు లేదు. తరగతి గ్రూపులో పంపే ప్రతి వీడియోకూ ఏ పద్ధతో పక్కన రాసి పంపండి.

సామాను గురించి అందరూ ఎక్కువ ఆలోచిస్తారు, నిజానికి తక్కువే కావాలి. ఒక్కొక్కరికీ 4 మిల్లీమీటర్ల అల్యూమినియం సూది ఒకటి, బొటనవేలు ఆనడానికి బల్లపరుపు చోటు ఉన్నది. 8 ప్లై మందం నూలు దారం 50 గ్రాముల ఉండలు రెండు. ఒకటి సాధనకు, ఒకటి మొదటి వస్తువుకు. చిన్న పిన్నీసులు ఐదు. మొద్దు మొన, పెద్ద కన్ను ఉన్న ఊలు సూది ఒకటి. కత్తెర రెండు చాలు తరగతి మొత్తానికి. దారం లేత రంగులో ఉండాలి: మీగడ, లేత పసుపు, లేత నీలం. నలుపు, ముదురు నీలం, మెరూన్ ఎవరు తెచ్చినా పక్కన పెట్టించండి, "వీ" కనిపించదు. నూగు ఉన్న దారం కూడా అంతే. వదులుగా పేనిన దారం సూదికి చీలిపోతుంది, నున్నగా గట్టిగా పేనినది అడిగి తీసుకోండి. చెన్నై ఉక్కపోతలో చెమట చేతికి ఆక్రిలిక్ ఊలు అంటుకుంటుంది, సూది మీద సాఫీగా జారదు. అందుకే ఇక్కడ నూలు మంచిది. చెయ్యి మరీ చెమర్చేవాళ్ళకు కొంచెం పౌడర్ రాసుకోమనండి. పదిమందికీ ఒకేసారి కొనేటట్టయితే షావుకారుపేట, ప్యారీస్ కార్నర్ వైపు ఫ్యాన్సీ సామాన్ల దుకాణాలకు వెళ్ళండి. అక్కడ ఉండ చేతపట్టుకుని, పేట విప్పి చూసి తీసుకోవచ్చు, రంగుల్లో తేడా రాకుండా లాట్ నంబరు కూడా చూసుకోవచ్చు.

మీకోసం ఒకటి తయారుచేసుకోండి: పాత టీ షర్టు దారం. కింది మడత అంచు తీసేసి, చంకల కిందవరకు చుట్టూ తిరుగుతూ 2.5 సెంటీమీటర్ల వెడల్పు పట్టీగా కత్తిరించండి. లాగితే అంచులు లోపలికి చుట్టుకుని లావుపాటి తాడవుతుంది. 10 లేదా 12 మిల్లీమీటర్ల సూదితో దాన్ని కుడుతూ చూపిస్తే గదికి అటుపక్క కూర్చున్నవాళ్ళకు కూడా సూది ఏ కాలు కిందనుంచి వెళ్ళిందో కనిపిస్తుంది. సన్నదారంతో చూపిస్తే అందరూ మీ భుజం మీదకు వంగాల్సి వస్తుంది.

కూర్చోబెట్టే తీరు కూడా చూసుకోండి. కుడిచేతివాళ్ళు మీ పక్కన, ఎడమచేతివాళ్ళు మీకు ఎదురుగా. ఎదురుగా కూర్చున్నవాళ్ళకు మీ చేతులు అద్దంలో బొమ్మలా కనిపిస్తాయి, ఉన్నది ఉన్నట్టు అనుకరిస్తే చాలు. వాళ్ళ పని ఎడమనుంచి కుడికి సాగుతుంది, అది సరైనదే. కుడిచేతికి మార్చమని ఎవరూ ఒత్తిడి చెయ్యకూడదు. సూదిని పెన్నులా పట్టుకున్నా, కూర కోసే చాకులా పట్టుకున్నా ఒకటే, మణికట్టు నొప్పి రానిది ఏదో అదే వాళ్ళది. పిల్లల సంగతి: ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకు ఇదే సూది, ఇరవై నిమిషాలకు మించకుండా. అంతకన్నా చిన్నవాళ్ళకు వేళ్ళతోనే గొలుసు కుట్టించండి, రాఖీ అయినా అవుతుంది. పది మందికీ మీరొక్కరే అయితే చూపు అందదు, ఐదుగురేసి రెండు జట్లు చెయ్యండి.

బిగువు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కొత్తవాళ్ళలో ఎక్కువమంది బిగించి కుడతారు, సూది మళ్ళీ లోపలికి దూరదు, వేళ్ళు నొప్పెడతాయి. "వదులుగా కుట్టండి" అంటే ఏమీ మారదు, ఎందుకంటే వాళ్ళకు బిగువు ఎక్కడ వస్తోందో తెలియదు. వాళ్ళ సూదిని దగ్గరగా చూడండి. కొక్కెం దగ్గర మెడ సన్నగా ఉంటుంది, దాని వెనక కాడ పూర్తి మందంలో ఉంటుంది. 4 మిల్లీమీటర్లు అన్న కొలత ఆ కాడది. లూపును మెడ దగ్గరే ఉంచి కుడితే అది రెండు మూడు మిల్లీమీటర్ల లూపే అవుతుంది. ప్రతి లూపునూ కాడ మీదకు జరపమనండి. ఇంకొందరు కుట్టు అయ్యాక అలవాటుగా దారం ఒకసారి గుంజుతారు, దాన్ని మాన్పించండి. అప్పటికీ బిగువే అయితే 5 మిల్లీమీటర్ల సూది ఇవ్వండి. గొలుసు మాత్రమే బిగిసి ముక్క కింది అంచు విల్లులా వంగుతుంటే, గొలుసు వరకు అర మిల్లీమీటరు పెద్ద సూదితో వేసి తర్వాత మామూలు సూదికి మారాలి.

మూడో తరగతిలో గుండ్రం. మ్యాజిక్ రింగ్ (దారాన్నే ఉంగరంలా చుట్టి అందులో కుట్టడం) వద్దు, వదులైపోయి ఊడిపోతుంది. రెండు చైన్లు వేసి, సూది నుంచి రెండో చైన్లోనే ఆరు సింగిల్ కుట్లు. తర్వాతి చుట్టుకు 12, ఆ పైన 18, 24, 30. చుట్టుకు ఆరు చొప్పున పెంచడం ఎందుకో కూడా చెప్పండి, లెక్క తెలిసినవాళ్ళు సంతోషిస్తారు. సింగిల్ కుట్టు ఎత్తూ వెడల్పూ ఇంచుమించు సమానం. వృత్తం అడ్డకొలతలో సగం ఒక కుట్టు ఎత్తు పెరిగితే చుట్టుకొలత 2 × 3.14, అంటే ఆరు కుట్ల పైచిలుకు పెరగాలి. డబుల్ కుట్టు ఎత్తు దాదాపు రెట్టింపు కాబట్టి 12తో మొదలుపెట్టి చుట్టుకు 12. గిన్నెలా లోపలికి ముడుచుకుంటే పెంపు చాలలేదు, పావడా కుచ్చులా అలలు తిరిగితే ఎక్కువైంది. ప్రతి చుట్టులోనూ పెంపు ఒకేచోట వేస్తే వృత్తం కాదు, ఆరు మూలల బిళ్ళ వస్తుంది. ఒక చుట్టు విడిచి ఒక చుట్టులో పెంపును రెండు మూడు కుట్లు పక్కకు జరపాలి. చుట్టు మొదలు ఎక్కడో పిన్నీసు చెప్పాలి, లేకపోతే ఎవరికీ తెలియదు.

నాలుగో తరగతికి టీ గ్లాసు కింద పెట్టుకునే చాప ఒకటి పూర్తయి ఇంటికి వెళ్ళాలి. చదరమైతే 15 కుట్లు, దాదాపు 18 వరసలు, తొమ్మిది సెంటీమీటర్లు. మూలకు మూల మడిస్తే అంచులు కలిసినప్పుడు ఆపాలి, వరసల సంఖ్య చూసి కాదు. అందరి చదరాలూ కలిపి ఒక దుప్పటి చేద్దామన్న ఆలోచన మంచిదే. చెన్నైలోనే 2016 జనవరి 31న మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్ బృందం పదకొండు వేల చదరపు మీటర్లు దాటిన క్రోషే దుప్పటితో గిన్నిస్ రికార్డు సాధించింది. మీ గుంపుకు ఆ సంగతి చెప్పండి, ఉత్సాహం వస్తుంది. అతకడానికి ముందు మాత్రం కొలవండి. ఒకే నమూనా, ఒకే దారం అయినా ఒకరిది 8 సెంటీమీటర్లు, ఇంకొకరిది 10 వస్తుంది. చెయ్యి మార్చుకోమనకండి, అది కుదరదు. సూది మార్చండి: చిన్నది వచ్చినవాళ్ళకు అర మిల్లీమీటరు పెద్దది, పెద్దది వచ్చినవాళ్ళకు చిన్నది. మిగిలిన కొద్దిపాటి తేడాను తడిపి సరిచెయ్యొచ్చు. థర్మోకోల్ పలక మీద కావలసిన చదరం గీసి, తడిపిన నూలు ముక్కను గీత దాకా లాగి, తుప్పు పట్టని గుండుసూదులు గుచ్చి, ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వాలి. ఆక్రిలిక్ దీనికి అంతగా లొంగదు. ఇస్త్రీపెట్టె నేరుగా పెడితే ముక్క అణిగిపోయి జీవం లేనట్టు అవుతుంది.

మీ అమ్మమ్మగారి వైపు నరసాపురం లేసు చూపించాలని ఉందన్నారు. తప్పకుండా చూపించండి, కానీ దాంతో మొదలుపెట్టకండి. నరసాపురం ప్రాంతానికి ఆ పని 19వ శతాబ్దంలో మిషనరీలతో వచ్చింది, 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. తరాలుగా ఆడవాళ్ళు ఇళ్ళల్లో కూర్చుని చేసే పని అది, పూలు కుట్టేవాళ్ళు వేరు, అతుకు వేసేవాళ్ళు వేరు. ఆ సన్నపని వెనక అంత సాధన ఉంది. మీ జట్టుకు మెట్లు ఇలా పెట్టండి: 8 ప్లై మీద చదరం, గుండ్రం రెండూ వచ్చాక 10వ నంబరు దారం, 1.5 మిల్లీమీటర్ల ఉక్కు సూది. అక్కడ నిలదొక్కుకున్నాక 20వ నంబరు దారం, 1.25 సూది, ఆపైనే 40, 1 మిల్లీమీటరు. దారం నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది, కొనేటప్పుడు చాలామంది ఇక్కడే బోల్తాపడతారు. సన్నపనికి పగటి వెలుతురు, లేదా ఎడమ భుజం మీదుగా పడే దీపం కావాలి, ఒడిలో ముదురు రంగు గుడ్డ పరుచుకోవాలి. యాభై దాటినవాళ్ళు దగ్గరచూపు అద్దాలు పెట్టుకోకుండా ఈ మెట్టు ఎక్కకూడదు.

రైల్లో అడిగేవాళ్ళ విషయం. "ఇదు ఎన్న మా, స్వెట్టరా?" (ఇదేంటమ్మా, స్వెట్టరా?) అని మొదలవుతుంది, తర్వాత ఎంతకి అమ్ముతారు, నాకొకటి చేసిస్తారా. వీళ్ళని ఇబ్బందిగా చూడకండి, క్రోషే మీద ఆసక్తి ఇలాగే పాకుతుంది. సంచిలో ఒక పాత సూది, చిన్న ఉండ విడిగా పెట్టుకోండి. నిజంగా ఆసక్తి ఉన్నవాళ్ళ చేతికి అవి ఇచ్చి మూడు చైన్లు కుట్టించండి, రెండు స్టేషన్ల మధ్యలో అయిపోతుంది. మీ చేతిలో నడుస్తున్న పని మాత్రం ఇవ్వకండి, లూపు జారిపోతుంది. ధర అడిగితే దారం ఎంత పట్టిందో, ఎన్ని గంటలు పట్టిందో రెండూ చెప్పండి. గంటలు విన్నాక బేరం సాధారణంగా ఆగిపోతుంది, గౌరవం పెరుగుతుంది. ప్రయాణంలో సాదా సింగిల్ వరసలే పెట్టుకోండి, మాట్లాడుతూ లెక్క తప్పినా పిన్నీసులు కాపాడతాయి.

కళ్ళు మూసుకుంటే గొలుసులు కనిపించడం గురించి కంగారు వద్దు. 2000లో నిద్ర పరిశోధకుడు రాబర్ట్ స్టిక్‌గోల్డ్ బృందం టెట్రిస్ అనే, పైనుంచి పడే బిళ్ళలను పేర్చే కంప్యూటర్ ఆట ఆడించినవాళ్ళను నిద్రలోకి జారేటప్పుడు అడిగితే, చాలామంది పడుతున్న బిళ్ళలే కనిపించాయన్నారు. జ్ఞాపకశక్తి దెబ్బతిని ఆట ఆడిన సంగతే గుర్తులేనివాళ్ళలో కూడా కొందరికి అవే కనిపించాయి. కొత్త పని నేర్చుకుంటున్నప్పుడు బుర్ర చేసే పనే అది. చేతిపని నిద్ర తర్వాత మెరుగుపడుతుందని పరిశోధనల్లో తేలింది. మీ తరగతికి దీన్నుంచి పనికొచ్చే సంగతి ఒకటుంది: ఆదివారం రెండు గంటలు కుట్టి వారమంతా ముట్టుకోకపోవడం కంటే, రోజూ పావుగంట కుట్టి పడుకోవడం మేలు. తరగతి గంటన్నర దాటనివ్వకండి. గంట దాటాక కొత్తది చెప్పకండి, అప్పటిదాకా వచ్చినదాన్నే కుట్టించండి. ఇంటిపని రోజుకు నాలుగు వరసలు, ప్రతి వరసా లెక్కపెట్టి కాగితం మీద అంకె రాయాలి. అంకె 15 కాకపోతే విప్పాలి.

సినిమా చూస్తూ కుట్టడానికి మొదటి రెండు వారాలు వద్దు. "వీ"లు చూడకుండా వేలితో తడిమి తెలుసుకోగలిగినప్పుడు మొదలుపెట్టొచ్చు, అది సాధారణంగా నెల తర్వాతే. అప్పుడు కూడా ఇంతకుముందు చూసిన సినిమా పెట్టుకోమనండి, పాటలు ఎక్కువున్నది ఇంకా నయం. సబ్‌టైటిల్స్ చదవాల్సిన సినిమా పనికిరాదు, కళ్ళు రెండు చోట్ల ఉండలేవు. పని సాదా సింగిల్ వరసలు, లేదా పెంపు తగ్గింపు లేని గొట్టం. సెల్‌ఫోన్ సంచి సరిగ్గా అలాంటిది. పది వరసలకొక పిన్నీసు పెట్టి, ఇంటర్వెల్‌లో దీపం వేసి లెక్క చూసుకోవాలి. మీ అపార్ట్‌మెంటు హాల్లో నెలకొకసారి అందరూ కలిసి సినిమా వేసుకుని కుట్టుకోవడం మంచి ఆలోచన. మాట సాగుతూ చెయ్యి కదిలే ఆ పూట, చూసి కుట్టడం నుంచి చూడకుండా కుట్టడానికి మారతారు. సినిమా హాలుకు మాత్రం తీసుకెళ్ళకండి. చీకట్లో కుట్టు కనిపించదు, సీటు కిందకి జారిన సూది దొరకదు, ఫోన్ లైటు వేస్తే వెనకవాళ్ళకు ఇబ్బంది.

ఫీజు నాలుగు తరగతులకూ కలిపి ముందే తీసుకోండి. రోజుకింత అని పెడితే వానొచ్చినా, చుట్టాలొచ్చినా ఆ పూట మానేస్తారు, ఒక తరగతి తప్పినవాళ్ళకు మిగతావాళ్ళను అందుకోవడం కష్టం. సామాను ఖర్చు ఫీజులో కలపకండి, రసీదు చూపించి ఉన్న ధరకే ఇవ్వండి. తప్పిన తరగతికి ఆ వారంలోనే ఒక సాయంత్రం అరగంట కేటాయించి, వాళ్ళ ముక్క పట్టుకుని రమ్మనండి. రానివాళ్ళకు ఫోన్ చేసేటప్పుడు "ఎందుకు రాలేదు" అనకండి, "మీ ముక్కలో ఇప్పుడు ఎన్ని కుట్లున్నాయి?" అని అడగండి. పదమూడు అంటే పిన్నీసు మరిచారు, పదిహేడు అంటే మలుపు చైన్లో కూడా కుడుతున్నారు. ఫోన్లోనే చెప్పి సరిచేయించొచ్చు.